బెల్టు ఫ్యానే ఉంచాలా, ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టాలా: జీపు, బొలెరో, అంబాసిడర్ ఉన్నవాళ్ల కోసం

బండి హీట్ అవుతోందని ఫ్యాను మార్చే ముందు, అది ఎప్పుడు హీట్ అవుతోందో నాలుగు రోజులు గమనించండి. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోయి, ఊరు దాటి 60 వేగం అందుకోగానే కిందికి దిగుతోందంటే రేడియేటర్‌కు గాలి చాలట్లేదు. ఫ్యాను గురించి ఆలోచించాల్సింది ఇలాంటప్పుడే. ఊళ్లో బాగానే ఉండి, నార్కట్‌పల్లి దాటి హైవే మీద 80లో పోతుంటే హీట్ అవుతోందంటే అది ఫ్యాను తప్పు కాదు. ఆ వేగంలో ఎదురుగాలే సరిపోతుంది, ఫ్యాను ఉన్నా లేనట్టే. అప్పుడు వెతకాల్సింది వేరే చోట: రేడియేటర్ గొట్టాలు లోపల పూడుకుపోవడం, పంపు పీల్చే ఊపుకు కింది హోస్ లోపలికి అతుక్కుపోవడం, థర్మోస్టాట్ (వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) సగమే తెరుచుకోవడం, లేదంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోవడం. చల్లని ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తున్నా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మజ్జిగలా తెల్లబడినా ఇక ఫ్యాను ఊసు వదిలేయండి.

ఏసీ వేసినప్పుడే హీట్ అయితే ముందుగా కండెన్సర్‌కూ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) రేడియేటర్‌కూ మధ్య సందు చూడండి. మిర్యాలగూడ మిల్లుల చుట్టూ తిరిగే బండ్లలో ఊక, వరికోతల కాలంలో దుమ్ము, పత్తి సీజన్లో దూది పోగులు ఆ సందులో దుప్పటిలా పట్టేస్తాయి. బయటి నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. పై బోల్టులు విప్పి రేడియేటర్‌ను కొంచెం వెనక్కి వంచి, ఇంజిన్ వైపు నుంచి గ్రిల్ వైపుకు తక్కువ ప్రెషర్‌తో నీళ్లు కొట్టాలి. కార్ వాష్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు మడతపడి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాను కావాలని వచ్చే బండ్లలో చాలావాటికి ఈ కడుగుడుతోనే పని అయిపోతుంది.

నీళ్ల మాట కూడా ఇక్కడే. మన జిల్లాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు గానీ, రేడియేటర్‌ను చంపేది ఫ్లోరైడ్ కాదు, నీటి గట్టిదనం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి గొట్టాల గోడలకు పట్టి సున్నం పెచ్చు కడతాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతి తాగునీటి కోసం పుట్టింది, దానితో ఈ గట్టిదనం పోదు. కూలంట్‌లో (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కలపడానికి డిస్టిల్డ్ వాటర్ లేదా డీమినరలైజ్డ్ వాటర్ వాడండి, లేకుంటే కలిపి అమ్మే రెడీమిక్స్ కూలంట్ పోయండి. సగం సగం కలిపిన కూలంట్, 0.9 బార్ మంచి మూత ఉంటే మరిగే స్థానం 120 డిగ్రీలు దాటుతుంది. అదే మూత రబ్బరు ఎండిపోయి ప్రెషర్ నిలపకపోతే, ఉత్త నీళ్లు 100కే మరుగుతాయి. ఫ్యానుకు డబ్బు పెట్టే ముందు మూత మార్చి చూడటం తెలివైన పని.

ఇంత చేశాక కూడా నిలబడ్డప్పుడు హీట్ అవుతోందంటే, అప్పుడు పోలిక మొదలుపెట్టొచ్చు.

మన దగ్గర తిరిగే బండ్లలో మూడు రకాల ఫ్యాన్లు కనిపిస్తాయి. పాత మహీంద్రా జీపులు, అంబాసిడర్లలో ఉండేది బెల్టు తిప్పే వాటర్ పంపు పుల్లీకి నేరుగా బిగించిన ఫ్యాను. ఇంజిన్ ఎంత తిరిగితే అదీ అంతే. బొలెరో, క్వాలిస్ లాంటివాటిలో పుల్లీకీ రెక్కలకూ మధ్య విస్కస్ కప్లింగ్ ఉంటుంది. లోపల సిలికాన్ ఆయిల్, ముందు భాగంలో వేడికి వంగే బైమెటల్ స్ప్రింగ్. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితే స్ప్రింగ్ వాల్వు తెరిచి ఫ్యానును పట్టిస్తుంది, చల్లబడితే జారవిడుస్తుంది. మూడోది మోటారుతో తిరిగే ఎలక్ట్రిక్ ఫ్యాను. మారుతి 800 నుంచి ఇంజిన్ అడ్డంగా ఉండే కార్లన్నింటికీ అదే దిక్కు, ఎందుకంటే వాటిలో క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) కొస రేడియేటర్ వైపు ఉండదు.

నేరుగా తిరిగే ఫ్యానులో లోపం దాని తీరులోనే ఉంది. నిలబడ్డప్పుడు ఇంజిన్ 800 ఆర్‌పీఎంలో (నిమిషానికి 800 చుట్లు) ఉంటుంది, ఫ్యాను కూడా దాదాపు అంతే. గాలి బాగా కావాల్సిన సమయంలో అది బద్ధకంగా తిరుగుతుంది. అవసరం లేని హైవేలో 3000 తిరిగి హోరెత్తిస్తుంది. ఫ్యాను తినే శక్తి వేగం ఘనానికి పెరుగుతుంది కాబట్టి 1000 ఆర్‌పీఎం దగ్గర తినేదానికి 3000 దగ్గర 27 రెట్లు తింటుంది. జీపులో మూడో గేరు లాగితే వినిపించే హోరులో పెద్ద భాగం ఇదే.

అలా అని దాన్ని తక్కువ చేయొద్దు. అచ్చంపేట, మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయి, డ్యామ్ దగ్గర నుంచి ఈగలపెంట వైపు ఎక్కేటప్పుడు బండి రెండో గేరులో, 20, 25 వేగంలో, 2500 ఆర్‌పీఎం మీద ఉంటుంది. ఎదురుగాలి లేదు, ఇంజిన్ మీద పూర్తి బరువుంది. అక్కడ ఇంజిన్‌తో పాటు తిరిగే పెద్ద ఫ్యాను లాగే గాలిని, చిన్న కారు నుంచి తీసిన ఒంటి ఎలక్ట్రిక్ ఫ్యాను లాగలేదు. జనాన్ని నింపుకొని ఘాట్ ఎక్కే జీపులు, బస్తాలు మోసే పికప్‌లు, ట్రాలీ లాగే బండ్లు బెల్టు ఫ్యాను వదలకపోవడమే మంచిది. వేసవి ఎండలో సలేశ్వరం జాతరకు అడవి దారిలో పాకుతూ పోయే బండిది మాత్రం వేరే కథ. అక్కడ ఇంజిన్ మీద బరువు తక్కువ, ఆర్‌పీఎం తక్కువ, గంటల తరబడి ఆగుడు. అది ఎలక్ట్రిక్ ఫ్యాను గెలిచే చోటు.

విస్కస్ ఫ్యాను ఉన్నవాళ్లు మార్చాలనుకునే ముందు కప్లింగ్ పరీక్ష చేయండి. బండి బాగా వేడెక్కాక ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి, చేతితో రెక్కను గట్టిగా తిప్పండి. బిగువుగా తిరిగి ఒక చుట్టు లోపు ఆగాలి. రెండు మూడు చుట్లు వదులుగా తిరిగితే లోపల ఆయిల్ పోయింది. హబ్ చుట్టూ దుమ్ము అంటిన జిడ్డు చారలు కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు అసలు జారకుండా ఎప్పుడూ హోరుమంటే జామ్ అయింది. ఈ రెండింటికీ మందు కొత్త కప్లింగే తప్ప ఎలక్ట్రిక్ ఫ్యాను కాదు. కప్లింగ్‌ను బోల్టు దూర్చి ఫ్యానుకు కలిపి బిగించే మెకానిక్‌లు ఉన్నారు. ఊరు చేరడానికి సరే గానీ అలాగే వదిలేస్తే వాటర్ పంపు బేరింగ్ త్వరగా అరిగిపోతుంది.

ఇంకో మాట: రేడియేటర్ చుట్టూ ఉండాల్సిన ఫ్యాన్ కవర్, అంటే ష్రౌడ్, ఉందా? ఒకసారి రేడియేటర్ దించిన పాత జీపుల్లో సగానికి అది మళ్లీ ఎక్కదు. కవర్ లేని ఫ్యాను రేడియేటర్ మధ్యలోంచి గుండ్రంగా కొంత గాలి లాగి, మిగతాది తన అంచుల చుట్టూ తిప్పుకుంటుంది. రెక్కల మందంలో సగం కవర్ లోపల, సగం బయట ఉండేలా, చుట్టూ 20 నుంచి 25 మి.మీ. సందుతో జీఐ రేకు కవర్ చేయించుకుంటే చాలా జీపులు ఊళ్లో హీట్ అవడం మానేస్తాయి. ఖర్చు రేకుదీ, వెల్డింగ్‌దీ అంతే.

కరెంటు లెక్క తేలకుండా మోటారు కొనొద్దు

ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టినవాళ్లలో ఎక్కువ మంది ఇబ్బంది పడేది గాలితో కాదు, చార్జింగ్‌తో. డీజిల్ జీపు రేడియేటర్‌ను చల్లబరచగల ఫ్యాను 15 నుంచి 20 ఆంపియర్లు లాగుతుంది. రెండు ఫ్యాన్లయితే 25, 30. స్టార్ట్ అయ్యే క్షణంలో దీనికి రెండు మూడు రెట్లు. హెడ్‌లైట్లు రెండూ కలిపి 10 ఆంపియర్ల దాకా, ఏసీ బ్లోయర్ హైలో మరో 10కి పైన. రాత్రిపూట పెళ్లి నుంచి వస్తూ జడ్చర్ల దగ్గర జామ్‌లో ఇరుక్కుంటే, ఇవన్నీ ఒకేసారి పనిచేయాలి, అదీ ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నెమ్మదిగా తిరుగుతూ ఉండగా. బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మీద రాసిన ఆంపియర్లు అది వేగంగా తిరిగినప్పటివి. ఐడిల్‌లో అందులో సగమే వస్తుందని లెక్కేసుకోండి. 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ 22 ఇస్తుంటే మీ బండి 40 అడుగుతోంది. మిగతాది బ్యాటరీ నుంచి పోతుంది. వోల్టేజ్ 12 కిందికి దిగగానే ఫ్యాను కూడా నీరసిస్తుంది, ఇంజిన్ మరింత హీట్ అవుతుంది, ఫ్యాను ఇంకాసేపు తిరగాల్సి వస్తుంది.

కాబట్టి ఆల్టర్నేటర్ పలక మీద సంఖ్య చదివి, సగం చేసి, మీ బండిలో రాత్రిపూట వాడేవన్నీ కూడి చూడండి. సరిపోకపోతే ఫ్యానుతో పాటు పెద్ద ఆల్టర్నేటర్ ఖర్చు కూడా కలపాలి. ఆల్టర్నేటర్ బదులు ఇంకా డైనమో ఉన్న పాత అంబాసిడర్, పాత జీపు అయితే ఆ ఆలోచనే వద్దు. డైనమో ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు, ముందు ఆల్టర్నేటర్‌కు మారాలి.

మైలేజ్ ఆశ గురించి: 14 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లంటే 280 వాట్లు. ఆల్టర్నేటర్ నష్టాలు కలిపినా ఇంజిన్ మీద ముప్పావు హార్స్‌పవర్ కూడా పడదు, అదీ ఫ్యాను తిరిగినప్పుడే. నేరుగా తిరిగే ఫ్యాను తీసేసిన జీపుకు అందుకే కొంచెం తేలిక, బాగా నిశ్శబ్దం వస్తాయి. విస్కస్ ఫ్యాను మాత్రం హైవేలో ఎలాగూ జారుతూనే ఉంటుంది. దాన్ని తీసేస్తే పెట్రోల్ బంకులో తేడా కనిపిస్తుందనుకోవద్దు.

ఇంకో లెక్క ఎండది. జనవరి పొద్దున గాలి 20 డిగ్రీలు, కూలంట్ 95 అనుకుంటే రేడియేటర్‌కు 75 డిగ్రీల తేడా దొరుకుతుంది. మే నెల మధ్యాహ్నం గాలి 45 అయితే తేడా 50కి పడిపోతుంది, అంటే రేడియేటర్ సామర్థ్యంలో మూడో వంతు గాలికి పోయినట్టే. ఏ ఫ్యాను పెట్టినా చలికాలంలో పరీక్షించి సంతోషపడొద్దు.

ఎవరికి ఏది

సొంతానికి వాడే జీపు, ఊళ్లో, తోటల్లో మెల్లగా తిరిగేది, బరువు మోయనిది, ఆల్టర్నేటర్ బలంగా ఉన్నది: ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టొచ్చు. వానాకాలం వాగులు దాటాల్సిన బండికి ఇంకో లాభం ఉంది. తిరుగుతున్న బెల్టు ఫ్యాను నీళ్లలో మునిగితే రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ను కోసేస్తాయి. ఎలక్ట్రిక్ అయితే నీళ్లలో దిగే ముందు ఆపుకోవచ్చు.

బరువు మోసే బండి, ఘాట్ ఎక్కే ట్యాక్సీ జీపు: బెల్టు ఫ్యానే, మంచి ష్రౌడ్‌తో. విస్కస్ బండి అయితే కొత్త కప్లింగ్. దీనిలో రెండో ఆలోచన లేదు.

కొన్నాక విడిగా ఏసీ పెట్టించుకుని, ఏసీ వేసినప్పుడే ఇబ్బంది పడే బండి: మధ్యేమార్గం ఉంది. బెల్టు ఫ్యాను అలాగే ఉంచి, కండెన్సర్ ముందు 10 అంగుళాల చిన్న ఎలక్ట్రిక్ ఫ్యానును నెట్టే రకంగా పెట్టి, ఏసీ కంప్రెసర్ క్లచ్‌తో పాటు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) ద్వారా ఆన్ అయ్యేలా కలపడం. ఇది 8, 10 ఆంపియర్లలో పోతుంది, అది పాడైనా ఇంజిన్ ప్రాణం మీదికి రాదు. ఈ మూడింటిలో ఎక్కువ మందికి సరిపోయేది ఇదే, కానీ అందరూ చివర్లో గుర్తు చేసుకుంటారు.

కంప్యూటర్‌తో నడిచే కొత్త డీజిల్ బండ్లలో ఫ్యాను, ఏసీ రెండూ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) చేతిలో ఉండొచ్చు. వాటిని ముట్టుకోవద్దు. వారంటీలో ఉన్నవాటిని అసలే వద్దు.

పెట్టాలని నిర్ణయించుకుంటే

కొలతలు ముందు. రేడియేటర్ కోర్ ఎత్తు, వెడల్పు, కోర్ నుంచి వాటర్ పంపు పుల్లీ కొస వరకు దూరం. ఫ్యాను మోటారుతో కలిపి 60 నుంచి 90 మి.మీ. లోతు ఉంటుంది. దానికీ పుల్లీకీ మధ్య కనీసం 25 మి.మీ. మిగలాలి, ఎందుకంటే బ్రేకు కొట్టినప్పుడు ఇంజిన్ ముందుకు ఊగుతుంది. మౌంటింగ్ రబ్బర్లు అరిగిన జీపు అయితే ముందు వాటిని మార్చండి. ఇంజిన్ వైపు నుంచి లాగే ఫ్యానే మేలు. ముందు నుంచి నెట్టేది హైవేలో ఎదురుగాలికి అడ్డు నిలుస్తుంది.

పాత సామాను దుకాణంలో ఏసీ ఉన్న మధ్య సైజు కారు ఫ్యాను, దాని సొంత కవర్‌తో సహా వెతకండి. కొనే ముందు నేరుగా బ్యాటరీకి పెట్టి పది నిమిషాలు తిప్పండి, క్లాంప్ మీటర్‌తో ఆంపియర్లు చూడండి, ఆగాక కొసను చేతితో ఊపి బేరింగ్ లూజు ఉందో లేదో చూడండి. లారీ సామాను అమ్మే చోట కొంటే లేబుల్ తప్పకుండా చదవండి. 24 వోల్టుల ఫ్యాను 12 వోల్టుల బండిలో తిరుగుతూనే ఉంటుంది గానీ నీరసంగా, దుకాణంలో ఆ తేడా కంటికి ఆనదు.

పాత ఫ్యాను తీసేటప్పుడు రెండు జాగ్రత్తలు. విస్కస్ కప్లింగ్ పెద్ద నట్టు కొన్ని బండ్లలో ఉల్టా మరలతో ఉంటుంది. ఎటు తిరగాలో చూడకుండా పైపు తగిలించి లాగితే పంపు షాఫ్ట్ పోతుంది. నేరుగా బిగించిన ఫ్యాను అయితే, అవే నాలుగు బోల్టులు పుల్లీని కూడా పట్టి ఉంచుతాయి. ఫ్యాను మందం పోయాక పాత బోల్టులే వేస్తే కొస లోపల తగిలి, బిగిసినట్టు అనిపించి, పుల్లీ వదులుగా మిగులుతుంది. ఫ్యాను మందం మేరకు పొట్టి బోల్టులు లేదా స్పేసర్ వేయాలి. బెల్టు ఎలాగూ ఉంటుంది, వాటర్ పంపు, ఆల్టర్నేటర్ దాని మీదే.

ఫ్యానును రేడియేటర్ రెక్కల్లోంచి ప్లాస్టిక్ ట్యాగులు దూర్చి కట్టొద్దు. కిట్‌లతో వచ్చేవి అవే, ఆరు నెలలకు గొట్టాన్ని కోసి లీకు తెచ్చేవీ అవే. రేడియేటర్ పక్క పట్టీలకు అల్యూమినియం యాంగిల్ బిగించి దాని మీద కవర్ పెట్టండి. కవర్ కోర్‌లో అత్యధిక భాగాన్ని కప్పాలి, కోర్‌కూ రెక్కలకూ మధ్య 25 నుంచి 40 మి.మీ. ఉండాలి. మూలల్లో రబ్బరు రెప్పలు పెడితే హైవేలో ఎదురుగాలి వాటిని తోసుకుని పోతుంది.

వైరింగ్‌లో పొదుపు వద్దు. బ్యాటరీ ప్లస్ నుంచి 20 సెం.మీ. లోపు ఫ్యూజు, 20 ఆంపియర్ల ఫ్యానుకు 30 ఆంపియర్లది. అక్కడి నుంచి 40 ఆంపియర్ల రిలే 30వ పిన్నుకు, 87 నుంచి ఫ్యానుకు 4 చదరపు మి.మీ. రాగి వైరు. దూరం రెండు మీటర్లు దాటినా, రెండు ఫ్యాన్లున్నా 6 చదరపు మి.మీ. వేయండి. 86కు ఇగ్నిషన్ నుంచి, 85 నుంచి టెంపరేచర్ స్విచ్‌కు, ఒక చదరపు మి.మీ. వైరు చాలు. ఫ్యాను ఎర్త్‌ను తుప్పు పట్టిన బాడీకి కాకుండా నేరుగా బ్యాటరీ మైనస్‌కు గానీ ఇంజిన్ బ్లాకుకు గానీ వేయండి. రిలేను ఎగ్జాస్ట్‌కు దూరంగా, పిన్నులు కిందికి ఉండేలా పెట్టాలి, లేకపోతే వాన నీళ్లు లోపలికి దిగుతాయి.

స్విచ్ ఎంపికలోనే చాలామంది తప్పుతారు. థర్మోస్టాట్ 82 దగ్గర తెరుచుకోవడం మొదలుపెడితే పూర్తిగా తెరవడానికి 95 దాకా పోతుంది. ఫ్యాను స్విచ్ 82కే ఆన్ అయ్యేదైతే ఫ్యాను ఆగనే ఆగదు, మోటారు బ్రష్‌లు రెండేళ్లు కూడా రావు. పై హోస్ వైపు పెడితే 95 దగ్గర ఆన్, 90 దగ్గర ఆఫ్ అయ్యేది చూడండి. రేడియేటర్ కింది ట్యాంకులో పెడితే అక్కడ నీళ్లు అప్పటికే చల్లబడి ఉంటాయి కాబట్టి 88, 83 రకం సరి. హోస్ మధ్యలో ఎడాప్టర్ పెట్టి స్విచ్ బిగిస్తే, ఆ ఎడాప్టర్ రెండు రబ్బర్ల మధ్య ఎర్త్ లేకుండా ఉంటుంది. దానికి విడిగా ఎర్త్ వైరు వేయకపోతే ఫ్యాను ఎన్నడూ తిరగదు. కొందరు థర్మోస్టాటే పీకేసి నేరుగా పెడతారు. అప్పుడు శీతాకాలంలో ఇంజిన్ వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, పొగ పెరుగుతుంది.

డ్యాష్‌బోర్డ్ మీద ఒక స్విచ్ పెట్టుకోండి, కానీ అది ఫ్యానును బలవంతంగా ఆన్ చేసేదే అయి ఉండాలి, టెంపరేచర్ స్విచ్‌కు సమాంతరంగా. వాగు కోసం ఆఫ్ స్విచ్ కూడా కావాలనుకుంటే, అది ఆఫ్‌లో ఉన్నంతసేపూ మోగే బజర్ కలపండి. ఆన్ చేయడం మరిచి హెడ్ వంచుకున్న బండ్లు ఉన్నాయి.

పరీక్ష రెండు దశలు. మొదటిది, ఫ్యాను తిరుగుతుండగా గ్రిల్ ముందు కాగితం పెడితే అది రేడియేటర్‌కు అతుక్కోవాలి. ఎగిరిపోతే మోటారు వైర్లు తారుమారు అయ్యాయి. నెట్టే ఫ్యానును వైర్లు మార్చి లాగే ఫ్యానుగా వాడొచ్చని చెప్పేవాళ్లుంటారు, తిరగడం తిరుగుతుంది గానీ రెక్కల వంపు ఒక దిశకే చేసింది కాబట్టి గాలి బాగా తగ్గుతుంది. రెండోది, మధ్యాహ్నం ఎండలో ఐడిల్‌లో ఏసీ, హెడ్‌లైట్లు, ఫ్యాను అన్నీ వేసి 20 నిమిషాలు ఉంచాలి. బ్యాటరీ దగ్గర 13.2 వోల్టులకు తగ్గకూడదు. బ్యాటరీ దగ్గరా ఫ్యాను ప్లగ్ దగ్గరా వోల్టేజ్ తేడా అర వోల్టు దాటితే ఎక్కడో జాయింట్ బాగాలేదు, చేతితో తడిమితే ఫ్యూజు హోల్డర్ వేడిగా తగులుతుంది. లేజర్ థర్మామీటర్‌తో మెరిసే అల్యూమినియం మీద కొలిస్తే తక్కువ చూపిస్తుంది, అక్కడ నల్ల టేపు ముక్క అంటించి కొలవండి.

బెల్టు ఫ్యానుకూ దీనికీ ఒక తేడా మిగిలే ఉంటుంది. బెల్టు తెగితే చార్జింగ్ లైటు వెంటనే వెలుగుతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాను చడీచప్పుడు లేకుండా చస్తుంది. 87వ పిన్ను నుంచి లైటు పెట్టుకున్నా, అది వెలిగితే రిలే పనిచేసిందని మాత్రమే తెలుస్తుంది, రెక్కలు తిరిగాయని కాదు. అందుకే 105 డిగ్రీల దగ్గర మోగే విడి బజర్ పెట్టించుకోండి. ఒక స్పేర్ రిలే, రెండు ఫ్యూజులు, అరమీటరు 4 చదరపు మి.మీ. వైరు డ్యాష్ పెట్టెలో ఉంచండి. రిలే కాలిపోతే ఆ వైరుతో 30ని 87కు కలిపి ఇల్లు చేరొచ్చు. తీసేసిన పాత ఫ్యాను, దాని పొడుగు బోల్టులు తుక్కుకు వేయకుండా కనీసం ఒక ఎండాకాలం గడిచేదాకా దాచండి.